జవాబు చెప్పినంత మాత్రాన తెలిసినట్లేనా?

ఎదుటి మనిషికి తెలివి ఉన్నదని మనం దేనిని బట్టి నిర్ణయిస్తున్నాము? అతడి మాటను, చేతను బట్టి అని కొందరు పండితులు అంటారు. మాట, చేత పైపై గుర్తులు మాత్రమేననీ, తలలో ఏమి జరుగుతున్నదో చూడనిదే తెలివిని గురించి మాట్లాడరాదనీ మరికొందరు అంటారు. మొదటివారిది ప్రవర్తనావాదం. రెండవవారు నాడీశాస్త్రాన్ని ఆశ్రయించినవారు. కృత్రిమ మేధ అనే విద్య పుట్టిన నాటి నుండి ఈ రెండు పక్షాల మధ్య వాదం తెగలేదు. ఇది పరదేశపు తత్త్వవేత్తల తీరిక చర్చ అని పక్కన పెట్టే కాలం గడిచిపోయింది. తలాఖ్ పడిందా లేదా అన్న ప్రశ్నను సైతం ఫోనులోని యంత్రానికి వేసి, అది ఇచ్చిన జవాబు పట్టుకుని మా వద్దకు వస్తున్న కుటుంబాలు ఉన్నాయి. "మౌలానా, ఇంత చక్కగా చెప్పింది కదా, దానికి తెలియకుండానే చెప్పిందంటారా?" అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు సమాధానం ఇవ్వాలంటే ఆ పాత వాదంలోకి కొంత దూరం వెళ్లక తప్పదు.

ఆ వాదం ముఖాముఖిగా నడిచిన చోటు ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం. అక్కడ నాడీ శస్త్రవైద్య ఆచార్యుడు జెఫ్రీ జెఫర్సన్. మెదడును పుస్తకంలో కాక కత్తి మొన వద్ద ఎరిగినవాడు. 1949 జూన్‌లో ఆయన లండన్‌లో చేసిన లిస్టర్ ప్రసంగంలో, అప్పుడప్పుడే తలెత్తుతున్న గణన యంత్రాలను ప్రస్తావించాడు. యంత్రం ఒక పద్యం రాసినంత మాత్రాన మెదడుతో సమానం కాజాలదనీ, తనలో కలిగిన భావం వల్ల, తాను అనుభవించిన ఉద్వేగం వల్ల రాయాలనీ, రాసినది తానేనని దానికి తెలిసి ఉండాలనీ షరతు పెట్టాడు. అదే విశ్వవిద్యాలయంలో గణితవేత్త అలన్ ట్యూరింగ్ పనిచేస్తున్నాడు. 1950లో 'మైండ్' అనే తత్త్వశాస్త్ర పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆయన జెఫర్సన్ పేరు చెప్పి మరీ జవాబిచ్చాడు.

ట్యూరింగ్ వాదన సారాంశం ఇది. యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నకు స్పష్టమైన అర్థమే లేదు కనుక దాని స్థానంలో ఒక ఆటను పెడదాము. ప్రశ్నించేవాడు ఒక గదిలో, మనిషీ యంత్రమూ మరో చోట. రాతపూర్వకమైన ప్రశ్నలు, రాతపూర్వకమైన జవాబులు. ఎవరు మనిషో ఎవరు యంత్రమో తేల్చుకోలేకపోతే, ఇక యంత్రానికి ఆలోచన లేదని అనడం దేనికి? లోపల అనుభవం ఉంటేనే ఒప్పుకుంటామని జెఫర్సన్ పట్టుబడితే, సాటి మనిషి ఆలోచిస్తున్నాడని తెలుసుకోవడానికి కూడా ఆ మనిషిగా మారిపోవడం తప్ప దారి ఉండదు. మనం అలా చేయడం లేదు. అందరూ ఆలోచిస్తారనే మర్యాదతో బ్రతుకు నడుపుకుంటున్నాము. ఆ మర్యాదనే యంత్రానికీ చూపమంటాడు ఆయన. 1952 జనవరిలో బి.బి.సి. రేడియోలో వీరిద్దరూ ఇదే అంశంపై మరొకసారి తలపడ్డారు.

ట్యూరింగ్ వెనుక ఒక యుగపు గాలి ఉన్నది. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వవేత్త, మనసు అనే కనబడని వస్తువును వదిలి కనబడే ప్రవర్తనను మాత్రమే కొలవాలని ప్రకటించాడు. ఆ దారినే స్కిన్నర్ ఎలుకలను, పావురాలను పెట్టెలలో ఉంచి, ఏ పనికి గింజ దొరుకుతుందో ఆ పనినే అవి మళ్లీ మళ్లీ చేసే తీరును లెక్కగట్టాడు. లోపలి సంగతి అడగకు, బయటి లెక్క చూడు అన్నది ఆనాటి శాస్త్రపు పట్టుదల.

ఆ ప్రఖ్యాత వ్యాసాన్ని గురించి మరొక మాట చెప్పకుండా ముందుకు సాగలేము. దైవం ఆత్మను మనిషికే ఇచ్చాడు గనుక యంత్రం ఆలోచించజాలదు అన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చే సందర్భంలో ట్యూరింగ్, స్త్రీలకు ఆత్మ లేదన్నది ముస్లింల అభిప్రాయమని రాసి, దానికి క్రైస్తవులు ఏమంటారని అడిగాడు. యూరప్‌లో చిరకాలంగా చేతులు మారుతూ వచ్చిన ఒక నిందను ఆయన పరీక్షించకుండా వాడుకున్నాడు. సూరా అహ్‌జాబ్ 35వ ఆయత్‌ను తెరిచి చూస్తే, విశ్వసించిన పురుషులనూ స్త్రీలనూ, సహనం వహించే పురుషులనూ స్త్రీలనూ జంట జంటగా పేర్కొని, అందరికీ ఒకే మన్నింపు, ఒకే గొప్ప ప్రతిఫలం వాగ్దానం చేయబడింది. సూరా నిసా 124లో సత్కార్యం చేసినది పురుషుడైనా స్త్రీ అయినా స్వర్గప్రవేశం ఉన్నదని స్పష్టపరచబడింది. ఆత్మ లేని దానికి స్వర్గమెక్కడిది? అంతటి సూక్ష్మబుద్ధి కలవాడు సాటి మానవ సమాజాన్ని గురించి ఒక పుకారును నమ్మి రాయడం విచారకరం. మన అమ్మాయిలు, అబ్బాయిలు కంప్యూటర్ కోర్సులలో ఈ వ్యాసం చదువుతున్నారు కనుక ఈ సంగతి వారికి తెలిసి ఉండాలి.

అయితే అక్కడ ట్యూరింగ్ వేసిన అసలు ప్రశ్న ఆలోచించదగినదే. యంత్రానికి ఆత్మ ఇవ్వలేడంటే దైవశక్తికి హద్దు గీసినట్లు కాదా అన్నాడు. కలామ్ శాస్త్రం చదివినవారికి ఇది చిక్కు ప్రశ్న కాదు. అల్లాహ్ తలచుకుంటే రాయి కూడా మాట్లాడుతుంది, ప్రళయదినాన మన చేతులే సాక్ష్యం పలుకుతాయని మనం నమ్ముతాము. కాని సాధ్యమైనది వేరు, సంభవించినది వేరు. సాధ్యమైన ప్రతిదీ జరిగిపోయిందని నమ్మడానికి ప్రత్యేకమైన రుజువు కావాలి. 'ఇవ్వగలడు' అన్న వాక్యం నుండి 'ఇచ్చాడు' అన్న వాక్యం పుట్టదు.

ఇక ట్యూరింగ్ చెప్పిన మర్యాద. న్యాయంగా మాట్లాడాలంటే, అది మనకు పరాయిది కాదు. యుద్ధరంగంలో కలిమా పలికిన శత్రువును, ప్రాణభయంతో పలికాడని భావించి హజ్రత్ ఉసామా (రజి) వధించినప్పుడు, దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడి, అతడి హృదయాన్ని చీల్చి చూడని నీకు ఆ సంగతి ఎలా తెలిసిందని నిలదీశారు. దీని నుండి ఫుఖహా ఒక స్థిరమైన నియమాన్ని గ్రహించారు. తీర్పు చెప్పేవారు బాహ్యాన్ని బట్టి చెప్పాలి, అంతరంగాన్ని అల్లాహ్‌కు వదలాలి. మదీనాలో కపటులు ఇదే నియమం కింద బ్రతికారు. నమాజు వరుసల్లో నిలిచారు, వారి వివాహాలు వివాహాలుగానే, వారి వారసత్వాలు వారసత్వాలుగానే చెల్లాయి.

అయినా వారిని గురించి సూరా మునాఫిఖూన్ ఎలా ప్రారంభమవుతుందో గమనించండి. వారు ప్రవక్త వద్దకు వచ్చి, మీరు దైవసందేశహరులేనని సాక్ష్యం పలుకుతారు. ఆ వాక్యం నూటికి నూరుపాళ్లు సత్యం. అయినా వారు అబద్ధీకులని అల్లాహ్ సాక్ష్యమిస్తున్నాడు. పలికిన మాటలో తప్పు లేదు. మాటకూ మనసుకూ మధ్య ఉండవలసిన ముడి లేదు, అంతే. కనుక బాహ్యాన్ని బట్టి తీర్పు చెప్పమన్నది ఖాజీకి ఇచ్చిన ఆదేశం, విశ్వాసమంటే బాహ్యమేనని చెప్పిన నిర్వచనం కాదు. ట్యూరింగ్ అనుయాయులు కొందరు జారినది సరిగ్గా ఇక్కడే అని మా అభిప్రాయం. లోపల చూడలేని వారికి పెట్టుకున్న ఒక పద్ధతిని తీసుకుని, లోపల అనేదే లేదన్నంత దూరం పోయారు.

మా విద్యకు చెందిన ఒక ఉదాహరణ చెబుతాము. మదరసాలలో ఫరాయిజ్, అంటే వారసత్వ విభజన, 'సిరాజీ' గ్రంథం ఆధారంగా నేర్పుతారు. ఒక స్త్రీ మరణించింది. భర్త ఉన్నాడు, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, మరెవరూ లేరు. భర్తకు సగం, అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు. ఆరు భాగాలు చేస్తే భర్తకు 3, అక్కచెల్లెళ్లకు 4. మొత్తం 7 అయింది, ఉన్నవి 6 మాత్రమే. అందుచేత ఆస్తిని ఏడు భాగాలుగా చేసి పంచుతారు. దీనినే ఔల్ అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈ చిక్కు ఎదురైనప్పుడు సహాబాలు సంప్రదించుకుని తేల్చిన పద్ధతి ఇది. విద్యార్థి ఒకడు 'భర్త, ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఏడు, మూడు, నాలుగు' అని కంఠస్థం చేసుకుంటాడు. అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అప్పుడు ప్రశ్నను కొంచెం కదిలించాలి. ఆ ఇద్దరిలో ఒకరు తల్లి ఒక్కతే, తండ్రి వేరైన సోదరి అయితే? మొత్తం ఇప్పుడూ ఏడే వస్తుంది. కంఠస్థం చేసినవాడు ధైర్యంగా పాత జవాబే చెబుతాడు. అర్థం చేసుకున్నవాడు భర్తకు 3, సొంత సోదరికి 3, తల్లి వైపు సోదరికి 1 అంటాడు.

చూశారా, రెండవ ప్రశ్న వేసి, దాని జవాబును బట్టేగా వాడికి రాలేదని కనుగొన్నారు, అదీ ప్రవర్తనేగా అని ప్రవర్తనావాది అంటాడు. ఆ మాట నిజమే. దీనికి తగిన సమాధానం 1981లో నెడ్ బ్లాక్ అనే అమెరికా తత్త్వవేత్త ఇచ్చాడు. వేయదగిన ప్రతి ప్రశ్నకూ, దాని తరువాతి ప్రశ్నకూ, ఆ తరువాతి దానికీ జవాబులన్నీ ముందే రాసిపెట్టిన ఒక మహా పట్టికను ఊహించమన్నాడు. యంత్రం చేసేదల్లా పట్టికలో వెతికి చదవడం. ఎన్ని రోజులు ప్రశ్నించినా అది తప్పదు. అయినా తెలివి ఆ యంత్రానిది కాదు, పట్టిక రాసినవారిది. జవాబు ఏమిటన్నదే కాక, ఆ జవాబు ఏ దారిన వచ్చింది అన్నది కూడా తెలివిలో భాగమని దీనివల్ల తేలుతున్నది.

అంతకు ఏడాది ముందు, 1980లో, జాన్ సర్ల్ ఇంకొక ఉపమానం చెప్పాడు. చైనా భాష ఒక్క ముక్క రానివాడిని గదిలో కూర్చోబెట్టి, ఏ గుర్తులు లోపలికి వస్తే ఏ గుర్తులు బయటికి పంపాలో సూచించే పుస్తకం ఇస్తే, బయటివారికి అతడు చైనా పండితుడిలా తోస్తాడు. అతడికి మాత్రం ఒక్క మాటా అర్థం కాదు. ఈ ఉపమానం చదివినప్పుడు మాకు ఆశ్చర్యం కలగలేదు. హిఫ్జ్ పూర్తి చేసిన పదేళ్ల తెలుగు బాలుడు 6,236 ఆయతులను తప్పు లేకుండా పఠిస్తాడు. దూరం నుండి విన్న అరబ్బు అతడితో అరబీలో సంభాషణ మొదలుపెడితే బాలుడు బిక్కమొహం వేస్తాడు. ఆ పారాయణం వ్యర్థమని ఎవరూ అనరు. అది ఆరాధన, అక్షరం అక్షరానికీ పుణ్యం ఉన్నది. కాని తఫ్సీర్ అడగడానికి అతడి దగ్గరకు ఎవరూ వెళ్లరు. ఇక్కడ ఒక భేదాన్ని మాత్రం మరువరాదు. అర్థం తనకు తెలియదని ఆ బాలుడికి తెలుసు. తప్పు పోతుందేమోనని భయపడతాడు, తరావీహ్‌లో మొదటిసారి ఇమామత్ చేసే రాత్రి అతడి గొంతు వణుకుతుంది. యంత్రం విషయంలో ఈ మాట చెప్పడానికి మన వద్ద ఆధారం లేదు.

ఫత్వాల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నేటి మాటల యంత్రాలు కోట్లాది పుటల రాత నుండి, ఏ మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో నేర్చుకున్నవి. వాటి జవాబు చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. అప్పుడప్పుడు లేని హదీసును కూడా, గ్రంథం పేరుతో, సంఖ్యతో సహా అదే నిబ్బరంతో చెబుతాయి. హదీసు శాస్త్రంలో మాట అందంగా ఉన్నంత మాత్రాన, అర్థం ఉత్తమంగా ఉన్నంత మాత్రాన దానిని స్వీకరించరు. చెప్పినవాడెవరు, ఎవరి వద్ద విన్నాడు, అతడి జ్ఞాపకం ఎలాంటిది, నడవడి ఎలాంటిది అని గొలుసులోని ప్రతి కడియాన్నీ తట్టి చూస్తారు. మొహద్దిసులు అటు ప్రవర్తనావాదులూ కారు, ఇటు మెదడును కోసి చూసినవారూ కారు. వారు జవాబుదారీ మనిషిని వెతికారు. ముఫ్తీ తప్పు చెబితే రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ తప్పు అతడి మెడకు చుట్టుకుంటుంది. యంత్రం ముకల్లఫ్ కాదు, దానికి మెడ లేదు. పైగా తలాఖ్ విషయంలో ఏ పదం వాడారు, ఎన్నిసార్లు అన్నారు, ఏ ఉద్దేశంతో, ఏ స్థితిలో అన్నారు అని అడగకుండా నోరు విప్పే ముఫ్తీ ఉండడు. మా వద్దకు తెచ్చిన జవాబుల్లో ఈ ఎదురు ప్రశ్నలు కనబడినవి అరుదు. వారసత్వ వాటాలు లెక్కకట్టడానికి యంత్రాన్ని వాడుకోవడంలో మాకు అభ్యంతరం లేదు. తల్లి వైపు సోదరి ఎవరో, సొంత సోదరి ఎవరో దానికి సరిగ్గా చెప్పారో లేదో ఒక ఆలిమ్ చూసిన తరువాతే ఆస్తి పంచుకోండి.

ఇప్పుడు రెండవ పక్షానికి వద్దాము. చేతికంప్యూటర్లు తయారు చేసిన పామ్ సంస్థ స్థాపకుడు జెఫ్ హాకిన్స్ 2004లో 'ఆన్ ఇంటెలిజెన్స్' అనే పుస్తకం రాశాడు. ప్రవర్తనను కొలమానంగా పెట్టుకోవడమే కృత్రిమ మేధ విద్యలో జరిగిన మూలదోషమని ఆయన వాదం. చీకటిగదిలో కళ్లు మూసుకుని కదలక పడుకున్న మనిషి కూడా ఆలోచిస్తూనే ఉంటాడు కదా అంటాడు. ఆయన దృష్టిలో మెదడు ముఖ్యమైన పని, తరువాత ఏమి జరగబోతున్నదో క్షణక్షణం ఊహించుకోవడం. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకొక మెట్టు ఉన్నదనుకుని పాదం వేసినప్పుడు మనం ఉలిక్కిపడేది అందుకే.

ఈ పక్షానికి గట్టి బలం ఒక ఆసుపత్రి నుండి వచ్చింది. 2005లో ఇంగ్లాండులో 23 ఏళ్ల యువతి రోడ్డు ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలి స్పృహలేని స్థితిలోకి వెళ్లింది. కళ్లు తెరిచేది, నిద్రపోయేది. పిలిస్తే పలకడం, చెప్పింది చేయడం లేదు. ప్రవర్తన లెక్కన ఆమెలో ఎవరూ లేరు. ఏడ్రియన్ ఓవెన్ అనే నాడీశాస్త్రజ్ఞుడి బృందం ఆమెను మెదడులోని రక్తప్రవాహాన్ని చూపే స్కానింగులో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్లు ఊహించుకోమన్నది. తరువాత ఇంట్లో గదిగదికీ నడుస్తున్నట్లు ఊహించుకోమన్నది. ఆరోగ్యవంతులు ఊహించినప్పుడు మెదడులో ఏయే భాగాలు మేలుకుంటాయో, ఆమె మెదడులోనూ అవే మేలుకున్నాయి. ఈ ఫలితం 2006లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. 2010లో ఇలాంటి 54 మంది రోగులను పరీక్షిస్తే ఐదుగురు ఊహ ద్వారా స్పందించారు. వారిలో ఒకరు టెన్నిస్ ఊహిస్తే అవును, ఇల్లు ఊహిస్తే కాదు అన్న సంకేతంతో ప్రశ్నలకు జవాబులు కూడా చెప్పారు. 2024లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, పైకి ఏ ఆదేశానికీ స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు ఆదేశానికి స్పందించాయి. నలుగురిలో ఒకరు!

ప్రవర్తనావాదానికి ఇంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి లేదని మాకు తోస్తుంది. అయితే నాడీశాస్త్రం గెలిచిందని చాటడానికీ తొందరపడరాదు. ఓవెన్ కూడా ప్రశ్న వేశాడు, జవాబు కోసం వేచి చూశాడు. ఆ జవాబు నాలుక మీద కాక రక్తప్రవాహంలో కనబడింది. సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్న మెదడులో ఏ వీధిలో దీపం వెలిగిందో యంత్రం చూపింది. ఆ ఇంట్లో ఉన్నవారికి ఎలా ఉన్నదో చూపలేదు. రూహ్‌ను గురించి అడిగినవారికి సూరా ఇస్రా 85వ ఆయత్‌లో, అది ప్రభువు ఆజ్ఞకు చెందినదనీ, మనుషులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమనీ చెప్పబడింది. ఆ స్వల్పం నేడు కొంత పెరిగింది. స్వల్పమే.

మరొక వింత ఏమిటంటే, నేటి యంత్రాల మూలం మెదడు నమూనాయే. 1943లో మెక్‌కలక్, పిట్స్ అనే ఇద్దరు నాడీకణాన్ని గణిత రూపంలో చిత్రించారు. 1958లో రోజెన్‌బ్లాట్ ఆ దారిలో నేర్చుకునే యంత్రాన్ని ప్రతిపాదించాడు. నేటి మాటల యంత్రాలను కూడా నాడీజాలాలనే పిలుస్తారు. కాని వాటిని మెచ్చుకునేది, అమ్మేది జవాబులను చూసి. పేరు జెఫర్సన్ పక్షానిది, పరీక్ష ట్యూరింగ్ పక్షానిది.

ఈ రెండు పక్షాలకూ తొమ్మిది వందల ఏళ్ల ముందే మన ఇబ్నె సీనా ఒక ప్రశ్న వేసి పెట్టాడు. ఒక మనిషి ఒక్కసారిగా, పూర్తిగా ఎదిగి సృష్టించబడ్డాడనుకోండి. శూన్యంలో తేలుతున్నాడు. కంటికి ఏదీ కనబడదు, చెవికి వినబడదు, అవయవాలు ఒకదానికొకటి తగలవు. అయినా 'నేను ఉన్నాను' అన్నది అతడికి తెలుస్తుందా? తెలుస్తుందంటాడు ఇబ్నె సీనా. అతడిలో చూడదగిన ప్రవర్తన ఏదీ లేదు. తనకు మెదడు ఉన్నదని కూడా అతడికి తెలియదు. విశేషమేమంటే ఇబ్నె సీనా హకీము. ఊహ, జ్ఞాపకం మొదలైన శక్తులకు మెదడు గదులలో స్థానాలు నిర్ణయించినవాడు ఆయనే. మెదడు పనిముట్టు అని ఒప్పుకుంటూనే, పనిముట్టు పట్టుకున్నవాడు వేరని నమ్మాడు. ఆయన తత్త్వంలోని కొన్ని అంశాలను ఇమామ్ గజాలీ ఘాటుగా ఖండించారు, ఆ ఖండనలలో మేము ఇమామ్ పక్షమే. ఈ ఉపమానం మాత్రం ఇంకా నిలిచే ఉన్నది.

మన ఫిఖహ్ పరిషత్తులు ఈ చిక్కును మరణ నిర్ణయంలో ఎదుర్కొన్నాయి. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, మెదడు పనులన్నీ పూర్తిగా, తిరిగి రాని విధంగా ఆగిపోయాయని నిపుణులైన వైద్యులు నిర్ధారిస్తే దానిని మరణంగా పరిగణించవచ్చునన్నది. 1987లో మక్కాలోని ఫిఖహ్ పరిషత్తు, అట్టి స్థితిలో యంత్రాలు తొలగించవచ్చు గాని, శ్వాస, గుండె పూర్తిగా ఆగేవరకు మరణానికి సంబంధించిన ఆదేశాలు వర్తించవన్నది. ఈ భేదం నేటికీ ఉన్నది. ఓవెన్ చూసిన రోగులు ఈ కోవకు చెందరు. వారి మెదడు చచ్చిపోలేదు, వారు సందేహం లేకుండా జీవించి ఉన్నవారు. ఈ రెండు స్థితులను ఆసుపత్రి వరండాలలో చాలామంది కలగలిపి మాట్లాడుతున్నారు. మీ మనిషిది ఏ స్థితి అని వైద్యుణ్ణి సూటిగా అడిగి తెలుసుకోండి.

స్పృహ లేదని చెప్పిన తండ్రి పక్కన, తల్లి పక్కన కూర్చున్నప్పుడు సలాము చెప్పండి. ఎవరు వచ్చారో పేరు చెప్పండి. యాసీన్ సూరా చదవదలచుకుంటే ఆయనకు వినబడేటట్లు చదవండి. ఆస్తి మాట, అప్పుల మాట, ఇక లాభం లేదన్న మాట ఆ గదిలో ఎత్తవద్దు. ఇంటి ఆడపిల్లలు, మనవలు ఏమి చేస్తున్నారో, ఊళ్లో వాన పడిందో లేదో, మస్జిదులో ఆయన కూర్చునే చోట ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో చెప్పండి.